విమలత్తయ్య నడుముకున్న రివాల్వర్

ఆ విజయదశమి సాయంత్రం, ఫార్మింగ్టన్ హిల్స్‌లో విమలత్తయ్య ఇంట్లో, దేవుడి అలమర ముందు పరిచిన పట్టు తువ్వాలు మీద ఉన్నవి: రెండు కార్ల తాళాలు, మావయ్య ఆఫీసు లాప్‌టాప్, నా వెర్నియర్ కాలిపర్, నాయనమ్మ కూరగాయల కత్తి, గ్రైండర్ రాళ్లు రెండు, గరాజ్‌లోంచి కదలనన్న మంచు తోసే మెషీన్ తరఫున దాని తాళం, అత్తయ్య అమ్మకానికున్న ఇళ్లు తెరవడానికి వాడే ఎలక్ట్రానిక్ తాళం, ఐదు గుళ్లు పట్టే చిన్న రివాల్వర్. ఉన్నవాళ్లు నలుగురు. అత్తయ్య, ఆవిడ భర్త ప్రసాద్ మావయ్య, ఆవిడ తల్లి అయిన మా నాయనమ్మ, నేను. వంటింట్లో గారెలు వేగిన వాసన, హాల్లో సాంబ్రాణి, వీటి మధ్య సన్నగా తుపాకీ నూనె వాసన. తుపాకీ నూనెది కుట్టుమిషన్ నూనె వాసనేనని, తెనాలిలో దర్జీ కొట్టు ముందు నిలబడ్డట్టుందని నాయనమ్మ అంది.

నేనిప్పుడు ఆరిజోనాలో, చాండ్లర్‌లో ఉంటున్నాను. మొన్న దసరాకి అత్తయ్య పూజ ఫొటో పంపింది. దాన్ని పెద్దది చేసి చూస్తూ కూర్చున్నాను. చూసినకొద్దీ ఆ ఇంట్లో నేనున్న రోజులన్నీ వరసగా కాకుండా, గుప్పెడు గుప్పెడుగా గుర్తొచ్చాయి. కార్ల బ్రేకులు పరీక్షించే ఉద్యోగం, నా మొదటిది, డెట్రాయిట్ పక్కన దొరికింది. ఒహాయోలో ఉన్న నాన్న తన చెల్లెలి ఇంట్లో దిగమన్నాడు. బేస్‌మెంట్‌లో నా గది. పైన ఎవరు నడుస్తున్నారో అడుగుల చప్పుడుని బట్టి తెలిసిపోయేది. మొదట లేచేది మావయ్య. ఫిల్టర్‌లో కాఫీపొడి నొక్కి వేడినీళ్లు పోసి, డికాషన్ దిగేదాకా కిటికీ దగ్గర నిలబడి ఆకాశం చూసి, ఆ రోజు ఎవరెవరు ఏ కోటు వేసుకోవాలో ప్రకటించేవాడు. తర్వాత నాయనమ్మ స్తోత్రాలు. ఆఖర్న అత్తయ్య, మెట్ల మీద పరుగు.

అత్తయ్య రియల్ ఎస్టేట్ ఏజెంట్. ఆ చుట్టుపక్కల ఇల్లు కొన్న తెలుగు కుటుంబాల్లో సగానికి సగం ఆవిడ చేతుల మీదుగా కొన్నవేనని చెప్పుకునేవారు. తూర్పు వాకిలి ఉన్న ఇళ్లు ఏ వీధిలో ఎన్ని ఉన్నాయో ఆవిడకు నోటికి వచ్చు. ఈశాన్యంలో బాత్రూమ్ ఉందని ముఖం మాడ్చుకున్న వాళ్లకు, ఏ గోడ జరిపితే అది ఈశాన్యం కాకుండా పోతుందో అక్కడికక్కడే టేపు పెట్టి కొలిచి చూపించేది. ఆ టేపు పట్టుకోవడం కోసం శనివారాలు నన్ను వెంట తీసుకెళ్లేది. ఏ ఇంట్లోకి వెళ్లినా ముందు వంటింటి కిటికీ తెరిచి, అందులోంచి ఏం కనిపిస్తుందో చూసేది. అంట్లు తోముతూ రోజూ చూడాల్సింది అదేనట. గృహప్రవేశాలకు పిలుపులు ఎన్ని వచ్చేవంటే, పెట్టిన జాకెట్టు ముక్కలతో ఒక సూట్‌కేస్ నిండిపోయింది. ఆ ఉద్యోగం లేని అత్తయ్యను ఊహించుకోవడం నావల్ల కాదు. ఒక వసంతంలో అది ఊహించుకోవాల్సి వచ్చింది.

మంచు కరిగిన కొత్తల్లో ఒక మధ్యాహ్నం అత్తయ్య ఒక ఖాళీ ఇల్లు చూపించడానికి ఒంటరిగా వెళ్లింది. ఫోన్‌లో మర్యాదగా మాట్లాడిన మనిషే. ఇల్లంతా పెద్దగా చూడలేదు, బేస్‌మెంట్ చూపించమన్నాడు. అత్తయ్య దిగాక అతను మెట్ల మధ్యలో ఆగి, దారికి అడ్డంగా నిలబడి, ఫోన్ కింద పెట్టమన్నాడు. అత్తయ్య ఫోన్ పెట్టలేదు. తల పైకెత్తి, పైన ఎవరో ఉన్నట్టు, "ప్రసాద్, మేం కింద ఉన్నాం, ఫర్నేస్ చూడ్డానికి రా" అని ఇంగ్లీషులో గట్టిగా కేకేసింది. అతను పైకి చూసి, ఒక పక్కకు జరిగాడు. ఆ సందులోంచి అత్తయ్య పైకొచ్చేసి, కారెక్కి, రెండు వీధులు దాటాక ఆపి, మావయ్యకి ఫోన్ చేసింది. పాతికేళ్ల కాపురంలో మావయ్యను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారని ఆ రాత్రి భోజనాల దగ్గర తనే చెప్పి నవ్వింది. మావయ్య నవ్వలేదు. కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచాడు.

మావయ్య ఆటో విడిభాగాల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేసేవాడు. ఏ వస్తువు ఎన్ని రకాలుగా పాడవుతుందో ముందే ఊహించి చెప్పడమే ఆయన ఉద్యోగం. ఆ ఊహ ఇంట్లో కూడా డ్యూటీ దిగేది కాదు. దీపావళికి కాకరపువ్వొత్తులు ఓవెన్ చేతితొడుగులు వేసుకుని వెలిగించే మనిషి. ఖాళీ ఇళ్లు చూపించడం మానేసి బ్రోకర్ ఆఫీసులో కూర్చుని కాగితాల పని చూసుకోమన్నాడు. కాగితాల పని చేసేవాళ్లను ఏ గృహప్రవేశానికీ పిలవరని అత్తయ్య అంది. వారం రోజులు ఇద్దరూ నాయనమ్మ ద్వారానే మాట్లాడుకున్నారు. ఎనిమిదో రోజు తను లైసెన్స్ తీసుకుని తుపాకీ పెట్టుకుంటానని అత్తయ్య చెప్పింది. ఇంట్లో తుపాకీ అన్న మాటకే మావయ్య కుర్చీలో వెనక్కి జరిగాడు. చివరికి ఒప్పందం కుదిరింది. దసరా దాకా గడువు. అంతవరకు ఖాళీ ఇళ్లకు తోడు లేకుండా వెళ్లదు. నా డ్యూటీ అయ్యాక ఆ తోడు నేనే, ఇంట్లోవాళ్ల కిట్టూగాణ్ణి. దసరా అయ్యాక మావయ్య స్వయంగా షూటింగ్ రేంజ్‌కి వచ్చి, అత్తయ్య కాల్చడం కళ్లారా చూస్తాడు. ఆయనకు నమ్మకం కుదరకపోతే అత్తయ్య ఆఫీసు బల్లకు మారిపోతుంది, మళ్లీ ఆ మాటెత్తదు.

లైసెన్స్ క్లాస్‌కి అత్తయ్యతో నేనూ వెళ్లాను. నేర్పే ఆవిడ పేరు కరోల్, రిటైరైన పీఈటీ టీచర్, గొంతులో ఇంకా విజిల్ ఉండేది. మొదటి గంటలో ఆవిడ చెప్పినదాంట్లో తుపాకీ ఊసే లేదు. కారు ఎటు తిప్పి పార్క్ చేయాలి, ఇల్లు చూడ్డానికొచ్చిన మనిషిని ముందు నడవనిచ్చి తను వెనక నడవడం ఎలా, బేస్‌మెంట్‌ను పై మెట్టు మీద నుంచే ఎలా చూపించాలి, ఇవే. తుపాకీ బయటికి తీయాల్సి రాకుండా చేసేవే ముఖ్యమైన పనులని, అవన్నీ అయిపోయాక మిగిలేదే తుపాకీ అని చెప్పింది. తర్వాత రకరకాలవి చేతికిచ్చింది. పిస్టల్ పైభాగం వెనక్కి లాగడానికి అత్తయ్య బొటనవేలు సహకరించలేదు. ఎన్నో ఏళ్లుగా ఆ వేలికి నొప్పి. చిన్న రివాల్వర్ మాత్రం చేతిలో ఇమిడిపోయింది. నాకూ అదే నచ్చింది. గుళ్లుండే చక్రాన్ని పక్కకు తెరిస్తే లోపల ఏముందో ఏం లేదో ఎవరికైనా కనిపిస్తుంది. దాచిపెట్టేది ఏమీ లేని యంత్రం.

లైసెన్స్ వచ్చాక ఇంట్లో కొత్త దినచర్య మొదలైంది. పొద్దున అత్తయ్య సర్దుకునేవి: బూట్ల మీద తొడుక్కునే ప్లాస్టిక్ సంచులు, టేపు, టార్చిలైటు, దిక్సూచి, విజిటింగ్ కార్డులు, జంతికల డబ్బా, రివాల్వర్. నడుముకి కుడివైపు తోలు ఒరలో పెట్టుకుని, పైన పొడుగు కోటు వేసుకుని, అద్దం ముందు వంగి, లేచి, చెయ్యి చాచి పైఅరలో వస్తువు అందుకున్నట్టు నటించి, ఎక్కడైనా ఉబ్బెత్తుగా కనిపిస్తోందా అని నన్ను అడిగేది. ఇంటికి రాగానే గరాజ్ తలుపు పక్కనున్న చిన్న ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాకే చెప్పులు విప్పేది. గుడికి వెళ్తే కారులో పెట్టెలోనే ఉండేది. అసలు చిక్కు చీర కట్టుకున్న రోజుల్లో వచ్చింది. కుచ్చిళ్ల పక్కన ఒర నిలవదు. వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీ ఒకటి తెప్పించి, దాని మీద చీర కట్టి, పైట సర్దుకుని హాల్లోకి వస్తే నాయనమ్మ కళ్లజోడు పెట్టుకుని చుట్టూ తిరిగి చూసింది. "పెళ్లినాడు వడ్డాణం చేయించమని అడిగాం. పాతికేళ్లు ఆలోచించి ఇది పెట్టించాడు మా అల్లుడుగారు" అంది. మావయ్య పేపర్ అడ్డం పెట్టుకున్నాడు. పేపర్ వణికింది. వారం రోజుల మౌనం తర్వాత ఆ ఇంట్లో ఆయన నవ్వు నేను మళ్లీ చూసింది అప్పుడే.

శనివారాలు రేంజ్‌కి వెళ్లి సాధన చేసి వచ్చి, ఆ మధ్యాహ్నాలు డైనింగ్ టేబుల్ మీద పాత దిండు గలీబు పరిచి రివాల్వర్ శుభ్రం చేసేవాళ్లం. నేను ఏ పని ఎలా చేయాలో చెప్పేవాణ్ణి, అత్తయ్య చేసేది, నాయనమ్మ చిక్కుళ్లు వొలుస్తూ సలహాలిచ్చేది. మావయ్య అటువైపు రాడు. కానీ ఏదో పని ఉన్నట్టు ఫ్రిజ్ తలుపు తెరిచి, అందులోకి చూస్తూ మా మాటలన్నీ వినేవాడు. కాల్చేసిన గుళ్ల తొడుగుల్ని చక్రంలోంచి బయటికి తోసే నక్షత్రం లాంటి బిళ్ల కింద మట్టి చేరితే చక్రం తిరగదని నేను ఒకసారి చెప్పాను. మర్నాడు మావయ్య ఏదో ఆలోచిస్తూ వచ్చి, మట్టి ఎక్కడి నుంచి చేరుతుందని నన్ను అడిగాడు. జేబులోని పోగుల నుంచి, సంచిలోని బిస్కెట్ పొడి నుంచి అని చెప్పాను. ఆ రోజు నుంచి అత్తయ్య జంతికల డబ్బా వేరే సంచిలోకి మారింది.

ఇక దసరా. ఆయుధపూజకి అసలైన ఆయుధం ఒకటి ఈ ఇంటికి వచ్చిందని నాయనమ్మ వారం ముందు నుంచే ఉత్సాహపడింది. దేవుడి ముందు పెట్టడానికి మావయ్య ఒక షరతు పెట్టాడు. గుళ్లు తీసేయడం చాలదు. చక్రం తెరిచే ఉండాలి. ఐదు కన్నాల్లోంచి దీపం వెలుగు తన కళ్లకు కనపడుతూ ఉండాలి. అలాగే పెట్టాం. మావయ్య మోకాళ్ల మీద వంగి ఒక్కొక్క కన్నంలోంచి దీపాన్ని చూసి, తృప్తిపడి, వెనక్కి జరిగి పట్టుపంచె సర్దుకున్నాడు. నాయనమ్మ అన్నిటికీ గంధం, కుంకుమ పెట్టింది. గొట్టం మీద ఒక్క బొట్టు చాలని నేను బతిమాలితే ఒప్పుకుంది. తర్వాత హారతి. అందరం అక్షతలు వేశాం. నేను చిటికెడు వేశాను. మావయ్య పళ్లెంలోంచి పిడికెడు తీసుకుని, కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ, కారు తాళాల మీద కాదు, లాప్‌టాప్ మీద కాదు, మొత్తం ఆ రివాల్వర్ మీదే వేశాడు. పూజలో పెట్టినవి తెల్లవారేదాకా కదపకూడదని నాయనమ్మ శాసనం. పొద్దున్నే అత్తయ్య దాన్ని తువ్వాలుతో తుడిచి, కుంకుమ పోయేదాకా రుద్ది, పెట్టెలో పెట్టుకుంది. అక్కడి నుంచి నేరుగా రేంజ్‌కి బయల్దేరాం. మావయ్య డ్రైవ్ చేశాడు.

రేంజ్‌లో మావయ్య చెవుల్లో దూది లాంటి బిరడాలు పెట్టుకుని, వాటి మీద చెవులు కప్పే మఫ్‌లు పెట్టుకుని, వాటి మీద చేతులు పెట్టుకుని వెనక గీత దగ్గర నిలబడ్డాడు. అత్తయ్య ఐదు గుళ్లూ పెట్టింది. చక్రం మూసేటప్పుడు కొంచెం బిగువుగా ఉన్నట్టు నాకు అనిపించింది. రెండు చేతులతో పట్టుకుని, గురి చూసి, ట్రిగ్గర్ నొక్కింది. చప్పుడు రాలేదు. ట్రిగ్గర్ సగం కూడా కదల్లేదు. మళ్లీ నొక్కింది. చక్రం ఒక్క వెంట్రుకవాసి తిరగలేదు. నేను మావయ్య వైపు చూడలేకపోయాను. ఆరు నెలలుగా ఆయన భయపడింది సరిగ్గా ఇదే. అవసరానికి అది పలకకపోతే?

అత్తయ్య వేలు తీసి పక్కకు పెట్టింది. గొట్టం లక్ష్యం వైపే ఉంచింది. వెనక్కి తిరగలేదు. మా వైపు చూడలేదు. ఎడమ చెయ్యి పైకెత్తి, గ్యాస్ అయిపోయిందని చెప్పినంత మామూలుగా, ఆ పూట రేంజ్ చూసుకుంటున్న కరోల్‌ను పిలిచింది. కరోల్ వచ్చి, దాన్ని తీసుకుని, బొటనవేలితో గట్టిగా తోసి చక్రం తెరిచి, గుళ్లు దులిపి, టార్చి వేసి చూసింది. జేబులోంచి పళ్లు కుట్టుకునే పుల్ల తీసి ఆ నక్షత్రం బిళ్ల కింద గీకింది. పసుపుపచ్చగా ఒక చిన్న ముక్క ఆవిడ అరచేతిలో పడింది. ఇదేమిటని అందరినీ అడిగింది. అత్తయ్య నోరు తెరిచేలోపు మావయ్య గీత దాటి ముందుకొచ్చాడు. చెవులు మూసుకుని ఉండడం వల్ల తన గొంతు ఎంత పెద్దగా ఉందో ఆయనకు తెలియలేదు.

"రైస్, మేడమ్. పసుపు కలిపిన రైస్. రక్షణ కోసం వేస్తాం."

పక్క వరసల్లో కాలుస్తున్నవాళ్లు ఆపి చూశారు. దీని మీద ఎవరు వేశారని కరోల్ అడిగింది.

"అందరం వేశాం. అందరికంటే ఎక్కువ నేను వేశాను."

కరోల్ ఆ బియ్యం ముక్కను వేలితో అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత బల్ల పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. మనిషి మొత్తం ఊగిపోయేలా నవ్వింది. మాకూ ఆగలేదు. ఆశీర్వాదం అయ్యాక శుభ్రం చేయాలన్న నియమం క్లాస్‌లో కలుపుతానని చెప్పి, బ్రష్‌తో ఆ బిళ్ల చుట్టూ ఊడ్చి, ఇంకో రెండు పసుపు రేణువులు రాల్చి, రివాల్వర్ అత్తయ్య చేతికిచ్చింది. అత్తయ్య ఐదు గుళ్లూ కాల్చింది. ఐదూ కాగితంలోనే పడ్డాయి, నాలుగు అరచెయ్యంత చోటులో. కాగితం దగ్గరికి తెచ్చి చూపిస్తే మావయ్య దాని వైపు సరిగ్గా చూడనే లేదు. అత్తయ్య ముఖమే చూస్తున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు నేను వెనక సీట్లో ఉన్నాను. ఎర్ర లైటు దగ్గర కారు ఆగాక మావయ్య మాట్లాడాడు.

"ఆ రోజు ఆ బేస్‌మెంట్‌లో కూడా ఇంత నిదానంగానే ఉన్నావా, విమలా?"

"ఎక్కడిదండీ. మీ పేరు కూడా తడబడుతూనే వచ్చింది."

"మరి ఇవాళ అది పలక్కపోతే అసలు కంగారు పడలేదే?"

"ఇవాళ ఏం చేయాలో నాకు తెలుసు కదా."

లైటు పచ్చగా మారింది. వెనక కారువాడు హారన్ కొట్టేదాకా మావయ్య కదల్లేదు. అయిపోయింది, ఇక ఆఫీసు బల్లే అనుకున్నాను నేను. అత్తయ్య కిటికీలోంచి బయటికి చూస్తోంది. వీధి వెంట మేపుల్ చెట్లు నిండుగా ఎర్రబడి ఉన్నాయి. కొంతదూరం పోయాక మావయ్య మళ్లీ నోరు విప్పాడు.

"సోమవారం ఎన్ని ఇళ్లున్నాయి?"

"మూడు."

"ఖాళీవి?"

"రెండు."

"సరే. ఫ్లాస్క్‌లో కాఫీ నేను పోసి పెడతాను. కిట్టూగాడు తోడు రానక్కర్లేదులే."

అత్తయ్య ఆయన వైపు తిరగలేదు. కానీ చెయ్యి జాపి, గేర్ మీదున్న ఆయన చేతి మీద వేసింది. వెనక కూర్చుని నేను ఎందుకో గట్టిగా దగ్గాను.

ఇంటికొచ్చి జరిగింది చెబితే నాయనమ్మ ఏమాత్రం చిన్నబుచ్చుకోలేదు. ఆ ముక్క సగం గింజేనా, నిండు గింజా అని మాత్రం ఆరా తీసింది. సగం గింజేనని నేను చెప్పగానే, అక్షతలకు విరిగిన బియ్యం వాడకూడదని తను ఎన్నిసార్లు చెప్పిందో లెక్కే లేదని, నిండు గింజైతే ఆ సందులో దూరేదే కాదని, ఆ బస్తా తెచ్చింది అల్లుడుగారేనని తీర్పు చెప్పేసింది. మావయ్య అప్పీలు చేసుకోలేదు. గరాజ్ నుంచి నూనె డబ్బా, బ్రష్ తెచ్చుకుని, మొదటిసారి ఆ దిండు గలీబు ముందు కూర్చుని, ఆ నక్షత్రం బిళ్ల ఏదో చూపించమని నన్నడిగాడు. అప్పటి నుంచి రివాల్వర్ శుభ్రం చేయడం ఆయన పని అయింది. క్వాలిటీ విభాగం మనిషి చేతిలో పడ్డాక దానికి ఇక మట్టి భయం లేకుండా పోయింది. తర్వాతి దసరాకి పళ్లెం ముందు కూర్చుని విరిగిన గింజలు ఏరింది కూడా ఆయనే.

ఇప్పుడు నేనున్న రాష్ట్రంలో తుపాకీ నడుముకు పెట్టుకుని తిరగడానికి లైసెన్స్ అడగరు, క్లాసూ అడగరు. ఆఫీసులో నా పక్క సీటు కుర్రాడు పెట్టుకుంటాడు. ఎలా శుభ్రం చేస్తావని అడిగితే, శుభ్రం చేయాలా అన్నాడు. నేను పెట్టుకోను. కానీ బేస్‌మెంట్ లేని ఈ ఊళ్లో కూడా ఏ ఇంట్లోకి వెళ్లినా వచ్చినవాళ్లను ముందు నడవనిచ్చి నేను వెనక నడుస్తాను, వంటింటి కిటికీ తెరిచి చూస్తాను. మొన్న ఇల్లు కొనాలని చూస్తుంటే, ఏజెంట్ రాకుండానే ఫోన్‌కి ఒక కోడ్ నంబరు పంపించారు. అది నొక్కితే తలుపు తెరుచుకుంది. ఖాళీ ఇల్లంతా ఒక్కణ్ణే తిరిగాను. భయపడాల్సిన మనిషి ఎవరూ లేరు. జంతికలు పెట్టే మనిషీ లేదు, ఈ గోడ జరుపుదామని టేపు తీసే మనిషీ లేదు. ఈ సంగతి చెబితే అత్తయ్య ఫోన్‌లో పకపకా నవ్వి, అలాంటి ఇల్లు కొనకు, ముందు నాకు వీడియోలో వంటింటి కిటికీ చూపించు అంది. ఆవిడ ఇంకా మానలేదు. ఏటేటా కొత్త కుటుంబాలు దిగుతూనే ఉన్నాయి, అందరికీ తూర్పు వాకిలి కావాల్సిందే.

కాలిపర్‌తో కొలిస్తే అప్పటికీ ఇప్పటికీ తేడా ఎంతో చెప్పడం నాకు చేతకాదు. నాకు బాగా తెలిసింది ఆ సోమవారం గురించి. మావయ్య పొద్దున్నే లేచి, డికాషన్ దించి, కిటికీలోంచి ఆకాశం చూసి, అత్తయ్యకు బూడిదరంగు కోటు ప్రకటించి, ఫ్లాస్క్ నింపి కారులో పెట్టాడు. నాయనమ్మ ఎదురొచ్చింది. అత్తయ్య నడుము తడుముకుని, కోటు సర్దుకుని, ఒక్కతే కారెక్కింది. మధ్యాహ్నం మరో కుటుంబం ఫోన్ చేస్తే కాదనలేక వాళ్లనూ తీసుకెళ్లిందట. చీకటి పడకముందే గరాజ్ తలుపు చప్పుడైంది. ముందు ఇనప్పెట్టె మూత, తర్వాత చెప్పులు. ఆ సోమవారం అత్తయ్య చూపించిన ఇళ్లు నాలుగు.